ఫెయిల్ అనే మాట, మా అన్న బోరు

ఎండిన నేల మీద కూడా మాలో ఊపిరి నిలుపుతున్న దేవునికి స్తోత్రం. మహిమ ఆయనకే కలుగును గాక.

నా చిన్నప్పుడు ఫెయిల్ అనే మాట బడిలోనే వినబడేది. పరీక్ష తప్పినవాడికే అది తగిలేది. తర్వాత మా ఊళ్ళో వాన ఫెయిలయింది, శనక్కాయ పంట ఫెయిలయింది, నాయనకు కిడ్నీలు ఫెయిలయ్యాయి. ఇప్పుడు ఆ మాట వింటే ఎవరికైనా మొదట తోచేది బోరే.

పోయిన వేసవిలో చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండిపోతుంటే మా అన్న కొత్త బోరు వేయించాలనుకున్నాడు. భూగర్భ జలాలు చూసే ఆయన వచ్చి వంక పక్కన గుర్తు పెట్టి పోయాడు. మేము విశ్వాసులం, బోరు వేసేముందు టెంకాయ కొట్టం, సంఘమంతా పొలానికి వచ్చి ప్రార్థన చేస్తుంది. ఆ రోజు ప్రార్థన నాకు అప్పగించారు. వంక పక్కనంతా కంపచెట్లు. అందుకని గట్టు దగ్గర చదునుగా ఉన్నచోట మోకరించాం. ఆమేన్ అని లేచేసరికి అన్న సరిగ్గా నేను మోకరించిన చోట రాయి పాతుతున్నాడు.

"అన్నా, పాయింటు ఈడ కాదు, వంక కాడ!" అన్నాను.

"ప్రార్థన చేసిన చోటు కంటే మంచి పాయింటు యాడుంటాదిరా? నీకే నమ్మకం లేదా?"

"దేవుడు యాడైనా వింటాడు. నీళ్ళు అన్ని చోట్లా ఉండవు కదన్నా."

"పోరా, శానా చదివినోడివి!"

ఆ రాయి దగ్గరే బోరు వేస్తే సాయంత్రం దాకా తెల్లటి దుమ్మే లేచింది. బోరు బండి డ్రైవరు ఇంజను ఆపి, "ఫెయిలన్నా" అన్నాడు. పక్క పొలం రైతు గట్టు మీద నిలబడి నవ్వాడు. "ఏమప్పా, మీ దేవునికి ఈడ సిగ్నల్ లేనట్టుండాదే!"

అన్న నవ్వలేదు. ఆ ఆదివారం నుంచి ఆరాధనకు రావడం మానేశాడు. పిలవడానికి పోతే, "ఫెయిలయింది బోరు కాదురా, ఆయన" అని ముఖం తిప్పుకున్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నిఘంటువు తీసి చూశాను. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిన మాట అది. దాని మూలమైన లాటిన్ క్రియకు మోసగించడం అని అర్థమట. లాటిన్ అంటే ఏమిటో తెలియని మా అన్న ఆ అర్థంలోనే మాట్లాడాడు. తనను దేవుడు మోసం చేశాడనుకుంటున్నాడు. నన్ను నమ్మించి నిలవని నీళ్ళలా అవుతావా అని బైబిల్లో ఒక ప్రవక్త కూడా దేవుణ్ణే నిలదీశాడు, దేవుడు అతణ్ణి తోసివేయలేదు. ఇది చెబుదామని తోటకు పోయాను. నన్ను చూసి కూడా అన్న ఎండిన కొమ్మలు నరుకుతూనే ఉన్నాడు.

చదువుతున్నవారు దయచేసి నాతోపాటు మా అన్న కోసం ప్రార్థించండి. నీళ్ళ సంగతి తర్వాత. ముందు అన్న దేవునితో మళ్ళీ మాట్లాడాలని అడగండి, కోపంగానైనా సరే.