ఫోటోకి ముందు ప్రార్థన

మస్కట్‌లో మా చర్చి సంఘపు నర్సక్క భోజనానికి ముందే కాదు, ఫోటోకి ముందు కూడా కళ్లు మూసుకుని ప్రార్థించేది. అందుకే పడవ షికార్లలో ఆమె తీసిన ఫోటోల్లో డాల్ఫిన్ల తోకలే మిగిలేవి. సంఘం క్యాలెండర్‌కు ఏటా ఓ ఫోటో ఇచ్చేది, ఏటా వద్దనేవారు. ఆమె రిటైరై ఊరెళ్లిపోయే ముందు ఆఖరిసారిగా అందరం కలిసి ఒమాన్ ఉత్తర కొసనున్న ముసందం వెళ్లాం.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయలో పడవ ఎక్కగానే వాన దంచింది. కొండలు కనబడలేదు. అందరం ఫోన్లు సంచుల్లో దాచేశాం. అక్క మాత్రం కెమెరా పట్టుకుని కళ్లు మూసుకుంది.

“ముందు నొక్కక్కా, స్తోత్రం తర్వాత చెబుదువుగాని,” అన్నారు మావారు.

“తిన్నాక ప్రార్థిస్తామా తమ్ముడూ?”

ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి మబ్బు విడిపోయింది. బోడి కొండల నిండా జలపాతాలు. అక్క నొక్కేసింది. మేం సంచులు విప్పేలోపు మళ్లీ మూసుకుపోయింది.

ఈ ఏటి క్యాలెండర్ ముఖచిత్రం ఆ ఫోటోయే. దేవునికి స్తోత్రం. ఇప్పుడు మావారు కూడా కళ్లు మూసుకున్నాకే ఫోటో తీస్తున్నారు.