పట్టపగలు వేసిన కర్టెన్లు

"నీకు శవాలంటే అంత మోజేంటే పిల్లా?"

ఫ్లోరీ ఆంటీ ఎనిడ్‌ని నడివీధిలో నిలబెట్టి అడిగిన మాట ఇది. అడిగినావిడ మా వీధిలో ఎవరు పోయినా స్నానం చేయించి, కళ్ళు మూసి, దవడకు గుడ్డ కట్టే మనిషి. పద్నాలుగేళ్ళ ఎనిడ్ అప్పటికి ఒక్క శవాన్నీ చూసి ఎరగదు. చదివింది, అంతే.

యార్క్‌షైర్‌లో మాది బొగ్గు గనీ, ఉన్ని మిల్లూ ఉన్న ఊరు. యుద్ధం నాటి రేషన్ ఎత్తేసిన ఏడాది. బడిలో మిస్ థ్వైట్ ఓ మంచు పట్టిన మధ్యాహ్నం దీపాలు ఆర్పించి, చచ్చిపోయిన పెళ్ళికూతురు వచ్చి తలుపు తట్టే పద్యం చదివింది. పిల్లలంతా కిసుక్కుమన్నారు. ఎనిడ్ నవ్వలేదు. తన ఇంట్లో ఎవరూ పేరెత్తని సంగతిని ఎవరో ఇంత బాహాటంగా, పైగా ప్రాసతో చెప్పేశారు!

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా మిస్?" అంది బెల్లు కొట్టాక.

పాడుబడ్డ కోట, అందులో తాళం వేసిన గది, ఆ గదిలోంచి అడుగుల చప్పుడు ఉన్న లావుపాటి నవల చేతికొచ్చింది.

ఇంట్లో పేరెత్తని సంగతి వాళ్ళ నాన్న క్లిఫర్డ్‌కి దగ్గరపడుతున్న చావు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి. మేడ మీంచి ఆయన మంచం వీధివైపు ముందుగదిలోకి దించారు. "ఎండ కాస్తే లేచి కూర్చుంటాడు" అనేది మిల్లు నుంచి వచ్చిన తల్లి హెట్టీ. "దేవుడి చిత్తం" అనేవారు ప్రార్థనకొచ్చే చాపెల్ వాళ్ళు. వీళ్ళకంటే ఆ నవలే నయం, శవపేటికను శవపేటిక అంది. ఎనిడ్ బడి నుంచి రాగానే నాన్నకి చదివి వినిపించేది.

"తాళం తీశాడా?"

"ఇంకా లేదు నాన్నా."

"త్వరగా కానియ్యి తల్లీ. వాడికున్నంత తీరిక నాకు లేదు."

ఇద్దరిదీ ఒకటే ఆత్రం: మనిషికంటే ముందు కథ అయిపోవాలి.

ఒకరోజు ఆయనే, "ఇంత వెలుతురులో దయ్యం ఎలా వస్తుందే? ఆ కర్టెన్లు వెయ్యి" అన్నాడు. వేసింది.

మా వీధిలో పట్టపగలు ముందుగది కర్టెన్లు వేస్తే ఒకటే అర్థం, ఆ ఇంట్లో ఎవరో పోయారని. ఎదురింటివి మూసుకున్నాయి, పక్కింటివి మూసుకున్నాయి, కాసేపట్లో వీధంతా మర్యాదగా కళ్ళు మూసుకుంది. ఫ్లోరీ ఆంటీ తన సంచీతో, చావు భోజనానికని కసాయి కొట్లో హెట్టీ పేరు మీద అరువు తెచ్చిన ఉడికించిన పంది తొడతో తలుపు తోసుకొచ్చింది.

"ఎప్పుడు పోయాడమ్మా?"

"ఇంకా పోలేదు ఫ్లోరీ. ఆ తొడేదో ఇటు తే, ఆకలేస్తోంది" అన్నాడు క్లిఫర్డ్ మంచం మీంచి. తన మాటకి తనే నవ్వి, ఊపిరందక విలవిల్లాడాడు. తన చావు భోజనంలో రెండు ముక్కలు తిన్నాడు కూడా.

వీధి నవ్వింది. కబురు విని మగ్గం ఆపేసి పరిగెత్తుకొచ్చిన హెట్టీ నవ్వలేదు. పుస్తకం బీరువా మీదకెక్కింది. "మళ్ళీ కర్టెన్ ముట్టుకున్నావో, చేతులు విరుస్తా!" ఫ్లోరీ ఆంటీ నడివీధి ప్రశ్నా అప్పటిదే.

తర్వాత క్లిఫర్డ్ బాగా దిగజారాడు. మాట రాక బీరువా వైపు చూసేవాడు. తట్టుకోలేక ఎనిడ్ బడి ఎగ్గొట్టి, కుర్చీ ఎక్కి పుస్తకం దించింది. ఆయన కళ్ళు కిటికీకేసి తిరిగాయి. కర్టెన్లు వేసింది. వర్ణనలు దాటేస్తూ, పేజీలు మింగేస్తూ, ఆ తాళం కోసం పరుగెత్తుతూ చదివింది. తాళంచెవి తిరిగిన చోట తలెత్తి చూస్తే, ఆయన వినడం లేదు.

పోయి ఫ్లోరీ ఆంటీ తలుపు బాదింది. "నాన్న పోయాడు ఆంటీ!"

"చూశాలే కర్టెన్లు. ఈసారేం కావాలట మీ నాన్నకి, ఊరేసిన ఉల్లిపాయలా?"

"నిజంగా ఆంటీ!"

"పోవే, పో. బట్టలు ఉతుక్కునే రోజు నాకు."

పక్క తలుపు దగ్గరా నవ్వే. వీధిలో ఒక్క కర్టెన్ కదల్లేదు.

ఎనిడ్ తిరిగొచ్చింది. కళ్ళు ఎలా మూయాలో, దవడ ఎలా కట్టాలో అన్ని శవాలున్న పుస్తకంలో ఎక్కడా లేదు. తెలిసింది చదవడమొకటే. మిల్లు కూత వేసేదాకా మిగిలిన పేజీలు ఆయనకి గట్టిగా చదివింది.

సాహిత్యం ఆమెను గట్టెక్కించిందని ఎవరైనా అంటే నమ్మకండి. మరుసటి ఏడే మిల్లులో చేరింది, అక్కడే ముసలిదైంది. దయ్యాల కథలు ఇప్పటికీ దొరికినవల్లా చదువుతుంది. ఆ గదిలో ఏముందని మాత్రం అడగొద్దు. "అది మా నాన్నకి చెప్పాను" అంటుంది.

అసలు చావుకి తొడ ఫ్లోరీ ఆంటీయే ఏడుస్తూ సొంత డబ్బుతో కొంది. మొదటి తొడ డబ్బు దగ్గర "నేను తెమ్మనలేదు" అంది హెట్టీ, "నేను తినలేదు" అంది ఫ్లోరీ. కసాయికి ఆ పద్దెనిమిది షిల్లింగులు ఇంకా బాకీయే.