సంచి లోపల సంచి

భద్రాచలం దాటాక తారురోడ్డు కాసేపు మాతో వచ్చింది. తర్వాత మట్టిదారి. ఆ తర్వాత అదీ లేదు. డిసెంబర్ మొదటివారం, మధ్యాహ్నం మూడు గంటలకు మా కేంద్ర బలగం క్యాంపులో దిగాం. చుట్టూ టేకు, ఇప్ప, వెదురు. మధ్యలో రేకుల షెడ్డు, ఇసుక బస్తాల గోడ, ముళ్లకంచె. కంచె అవతల వాగు. నాది వేంసూరు. ఈ అడవి నాకు కొత్త కాదనే అనుకున్నాను. రోడ్డు మీద నుంచి చూసిన అడవి వేరు, అందులో పడుకోవాల్సిన అడవి వేరు. ఐదింటికల్లా చలి మొదలైంది.

స్టోర్‌లో ఇచ్చిన స్లీపింగ్ బ్యాగ్ నాకన్నా ముందు చాలామందిని చూసింది. లోపలి దూది ఉండలు కట్టింది. జిప్పు సగం వరకే వస్తుంది. వాగు తేమంతా రేకుల మీద చేరి, తెల్లవారుజామున చుక్కలుగా మా మీద పడేది.

పక్క మంచం రేడియో ఆపరేటర్‌ది. జూలూరుపాడు వాడు. మా సెక్షన్‌లో తెలుగువాళ్లం మేమిద్దరమే.

"నిద్ర పట్టిందా అన్నా?" అన్నాడు మొదటి రోజు పొద్దున.

"ఏడ పడ్తది తమ్మీ. మోకాళ్లు గదుమకు తగిలినయ్."

"నాక్కూడ గట్లనే. గీ బ్యాగు కన్న గోనెసంచి నయం."

మా సెక్షన్ కమాండర్ మాత్రం హాయిగా నిద్రపోయి లేచాడు. ఆయనది ఉత్తరాది కొండప్రాంతం. మంచులో పనిచేసి వచ్చాడు. అదేమిటని అడిగితే బ్యాగులోంచి ఒక పల్చటి గుడ్డసంచి లాగి చూపించాడు. లైనర్ అంటారట. బ్యాగు మనిషిని వేడి చేయదని హిందీలో చెప్పాడు. వేడి మనిషిదే, బ్యాగు దాన్ని పోకుండా పట్టుకుంటుంది, అంతే. లోపల ఒంటికి దగ్గరగా ఇంకో పొర ఉంటే అది ఇంకాస్త నిలుస్తుంది. చెమట ఆ గుడ్డకే అంటుకుంటుంది, బ్యాగు పొడిగా ఉంటుంది. పొద్దున్నే గుడ్డను ఎండలో వేస్తే సరి.

రేషన్ బండి భద్రాచలం వెళ్లినప్పుడు నన్ను కూడా పంపారు. బస్టాండ్ వెనుక సందులో ఒక పెద్దాయన కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చున్నాడు.

"పొడుగు సంచి కావాలె చాచా. మనిషి పట్టాలె. కాళ్ల దిక్కు మూసుండాలె" అన్నాను.

ఆయన కాలు మిషన్ మీద ఆగిపోయింది. "ఎంతమందికి సార్?"

"ఎనిమిది మందికి."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "ఏమైంది సార్? ఎప్పుడైంది?"

ఆయన ఏమనుకున్నాడో అప్పుడు అర్థమైంది. "గది కాదు చాచా. చలికి. అండ్ల పండుకుంటం" అన్నాను.

ఆయన నవ్వలేదు. తాన్లు అటూ ఇటూ తిప్పి నీలం గళ్ల ఫ్లానెల్ తీశాడు. "ఏ రంగైన కుడ్త సార్. తెల్లది మాత్రం కుట్ట. జల్దీ అయితది, చాయ్ తాగి రాండ్రి."

ఆ వారం మేమందరం నిద్రపోయాం.

జనవరిలో ఆర్డర్ వచ్చింది. మా బలగానివే రెండు పార్టీలు గాలింపుకు అడవిలోకి వెళ్తున్నాయి. వాటి మధ్య సిగ్నల్ అందదు. మా సెక్షన్‌లో ఎనిమిది మందిమి గుట్ట ఎక్కి, పైనుంచి వైర్‌లెస్ సెట్‌లో ఒకరి మాట ఇంకొకరికి అందించాలి. రెండో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండమని తర్వాత తెలిసింది. గాలికి తాడు తెగి టార్పాలిన్ లోయలోకి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఒంటి మీద పొడి గుడ్డ ఎవరికీ లేదు.

ఆపరేటర్ తన రెయిన్‌కోటు తీసి సెట్ మీద కప్పాడు. కప్పుకోమని కమాండర్ అరిచాడు.

"సెట్ తడిస్తే కింద వాళ్లు గుడ్డివాళ్లవుతారు సార్" అన్నాడు హిందీలోనే.

లైనర్‌ను పొడిగా ఉంచే ప్లాస్టిక్ కవర్ కూడా తీసి బ్యాటరీకి చుట్టాడు. అతని లైనర్ తడిసి ముద్దయింది.

చీకటి పడే వేళకు అతని మాట ముద్దముద్దగా వచ్చింది. సెట్‌లో మా గుర్తుపేరు, కాల్‌సైన్, తప్పు చెప్పాడు. మళ్లీ తప్పు చెప్పాడు. అంతవరకు గజగజ వణికినవాడు వణకడం మానేశాడు. షర్టు గుండీలు విప్పసాగాడు.

"ఉక్క పోస్తుందన్నా" అన్నాడు.

కమాండర్ ఒక్క గెంతులో వచ్చాడు. చలికి ఒళ్లు చల్లబడిపోయేవాడికే అలా ఉక్కపోసినట్టు ఉంటుందట, మంచులో చూశాడట. ఇద్దరం కలిసి అతన్ని బండ చాటుకు లాగి తడిబట్టలన్నీ ఊడదీశాం. నా లైనర్ కవర్‌లో పొడిగా ఉంది. అందులోకి దించాం. దాని మీద కమాండర్ లైనర్. ఆ పైన మా ఇద్దరి బ్యాగులు. చిన్న స్టవ్ మీద నీళ్లు కాచి బాటిళ్లలో పోసి చంకల కింద పెట్టాం. అటు ఆయన, ఇటు నేను అతన్ని ఆనుకుని పడుకున్నాం. సెట్ నా చేతికి వచ్చింది.

"బేస్, మనవాడు చల్లబడిపోతున్నాడు. బండి కావాలి. ఓవర్."

"వాగు రోడ్డెక్కింది. బండి దాటదు. తెల్లవారేదాకా కాపాడుకోండి. ఓవర్."

ఎంతసేపటికో నా పక్కన బ్యాగు కదిలింది. అతను మళ్లీ వణుకుతున్నాడు. మంచిదే, వణకనీ అన్నాడు కమాండర్.

"అన్నా, గీ బట్ట ఎవలది?"

"నాదే."

"మరి నీకు?"

"నాకు చలి లేదు. పండుకో."

"ఉత్తమాట. నీ పండ్లు కొట్టుకుంటున్నయ్. నాకు ఇనవడ్తుంది."

అతను బతికాడు.

ఏప్రిల్‌లో పొద్దున ఎనిమిదింటికి దారిలో మందుపాతరలేమైనా ఉన్నాయేమో చూసి రావడానికి పార్టీ వెళ్లింది. నేను ఆ రోజు క్యాంపులో ఉన్నాను. అప్పటికే ఎండ మండుతోంది. వాగు అవతల నుంచి ఒక్క పేలుడు వినిపించింది. వంటవాడు గరిటె కింద పెట్టాడు. సెట్ దగ్గరికి పరుగెత్తాను. "చెప్పండి, ఏమైంది" అని పిలుస్తూనే ఉన్నాను. జవాబు చెప్పాల్సినవాడు మా ఆపరేటరే.

నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం బ్యాటరీలు చార్జింగ్‌కు పెట్టాను. అన్నం తిన్నాను. పక్క మంచం మీద చుట్టిన పరుపు ఉంది. దాన్ని చూశాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ ఆ రోజు గురించి ఎవరైనా అడిగితే, ఎండ బాగా ఉండేదనే చెప్తాను.

డ్యూటీ ముగిసి ఇంటికి వస్తూ జూలూరుపాడులో బస్సు దిగాను. అతని భార్య కుర్చీ వేసింది.

"అడివిల చలి ఎక్కువుంటదంట గద అన్నా. ఫోన్ల ఎన్నడడిగిన మంచిగనే ఉన్న అనేటోడు" అంది.

గుట్ట మీద సంగతి చెప్పాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఇద్దరు పక్కపొంటి పండుకున్నరా?"

"అవ్ చెల్లే. తెల్లారేదాక."

"గది చాలన్నా" అని లేచింది. "కూర పొయ్యి మీదుంది. తిని పోవాలె."

తిన్నాను. ఏ కూరో గుర్తులేదు.

సర్వీసు వదిలి ఇంటి దగ్గరే ఉంటున్నాను. సెలవులకు అడవుల్లో డేరాలు వేసుకునే మా ఊరి పిల్లలు, చలికి ఏం తీసుకెళ్లాలని అడుగుతుంటారు. బ్యాగు లోపలికి ఒక లైనర్ కుట్టించుకోండి, దాన్ని కవర్‌లో కట్టి పొడిగా ఉంచండి, తడిబట్టలతో అందులో దూరకండి అంటాను. వాళ్లు తలూపి వెళ్తారు. అంతకుమించి చెప్పను.

కళ్లు మూసుకుంటే పేలుడు వినిపించదు. గుట్ట దిగుతున్న పొద్దున కనిపిస్తుంది. వాన వెలిసింది. అతను నా ముందు నడుస్తున్నాడు. షర్టు ఆరలేదని ఆ నీలం గళ్ల గుడ్డనే భుజాల చుట్టూ కప్పుకున్నాడు. చెట్ల సందులోంచి వెలుతురు పడి, అతని వీపు మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి చూపించాడు.

"ఎండొచ్చిందన్నా" అన్నాడు.