దేవదానం ల్యాబులో దువ్వెనపళ్ల చేప

హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో దేవదానం ఇరవై ఆరేళ్లుగా అటెండరు. చదివింది ఏడో తరగతే. సముద్రాన్ని ఏనాడూ చూడలేదు. అయినా ఫార్మలిన్ సీసాలో ఉన్న సముద్రపు చేప ఏ కుటుంబానిదో లెక్చరర్లకంటే ముందే చెబుతాడు. పళ్లు దువ్వెనలా ఒకే వరుసలో ఉండి, ఒంటి మీద పొలుసు లేకపోతే బ్లెన్నీ, దానిది బ్లెన్నిడే కుటుంబం. పొట్ట కింది రెక్కలు కలిసిపోయి గిన్నెలా ఉంటే గోబీ. రెండూ వేలెడంత చేపలే.

మన విద్యార్థి వీరులకు చేపను చూసే తీరిక ఎక్కడిది? ప్రాక్టికల్ పరీక్షకు లేబుళ్లు తీసేసి సీసాలు వరుసగా పెడతారు. తుప్పు మూత ఉన్నది గోబీ అని సీనియర్లు జూనియర్లకు చెబుతూ వచ్చారు. ఈ ఏడు దేవదానం సీసాలు కడిగి మూతలు బిగిస్తుంటే ఆ తుప్పు మూత బ్లెన్నీ సీసాకు పడింది. సగం క్లాసు గోబీ అని రాసొచ్చింది. అప్పటికే రెండుసార్లు తప్పిన శశాంక్ మూడోసారీ తప్పాడు.

మార్కులు తెలిసిన మధ్యాహ్నం వాడు ల్యాబు తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు.

"కావాలనే మూత మార్చినవ్ కదరా ముసలోడా!"

"జర ఆగు బిడ్డా. మూత కాదు, చేపను చూడాలె..."

మాట పూర్తికాకుండానే మూతి పగిలింది. ముందు పళ్లు రెండు నేలమీద పడ్డాయి. కిందపడ్డ మనిషిని శశాంక్ స్టూలెత్తి డొక్కలో బాదాడు. ఎముక విరిగిన చప్పుడు దేవదానానికే వినిపించింది. అయినా వాడి కోపం చల్లారలేదు. బ్లెన్నీ సీసా అందుకుని బల్లకేసి కొట్టాడు. సీసా పగిలి ఫార్మలిన్ వాడి కళ్లలోకే చిమ్మింది.

"నా కండ్లు! నా కండ్లు!"

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన దేవదానానికి కసి తీరినట్టే అనిపించింది. కానీ వెంటనే కడగకపోతే చూపు పోతుందని ఆయనకు తెలుసు. పాక్కుంటూ వెళ్లి, లేచి, వాడి జుట్టు పట్టి ఈడ్చి కుళాయి కింద మొహం అదిమాడు. పగ తీర్చుకుంటున్నాడనుకుని శశాంక్ గుద్దాడు, మోచేత్తో విరిగినచోటే పొడిచాడు, చెయ్యి నెత్తురొచ్చేలా కొరికాడు.

"కొట్టు, ఎంతన్న కొట్టు. కండ్లు మాత్రం మూయకు!"

వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని పావుగంట వదల్లేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఆయన డొక్క చూసి, "నిన్నెవరు కొట్టారు?" అనడిగింది. పక్క మంచం మీద కళ్లకు కట్టుతో ఉన్న శశాంక్ మాట వినపడ్డవైపు తల తిప్పాడు.

"ముందుగాల చెప్పుండ్రి మేడం, ఈ పోరనికి చూపున్నదా?"

"ఉంది. వెంటనే కడిగారు కాబట్టి దక్కింది."

"అయితే రాసుకోండ్రి," అన్నాడు దేవదానం. "కొట్టింది ఈడే."