మారుపేరు లేని ఫ్లెట్

ఆ రేవూళ్ళో ఏ తలుపు తట్టినా ఫ్లెట్ అన్న ఇంటిపేరువాళ్ళే పలుకుతారు. ఎప్పుడో ఆర్క్నీ దీవుల నుంచి పడవేసుకుని వచ్చిన ఒక్క ఫ్లెట్ సంతానమట అంతా. జార్జ్ ఫ్లెట్‌లే అరడజను మంది. అందుకే ముంత, వెన్నముద్ద అంటూ మారుపేర్లతో పిలుచుకునేవారు. ఇసొబెల్ మొగుడు జార్జ్‌ని నత్త అనేవారు. కొండపల్లె నుంచి కోడలుగా వచ్చిన ఆమెకు ఒళ్ళు మండింది.

"మా ఆయనకి తల్లి పెట్టిన పేరుంది. ఇంకో పేరుతో పిలిచేవాళ్ళు మా గడప తొక్కక్కర్లేదు," అంది.

ఆ తర్వాత ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

తుపాను వెలిసిన పొద్దున ఆడవాళ్ళంతా రేవు గట్టున నిలబడ్డారు. హెర్రింగ్ చేపల వేటకెళ్ళిన పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇసొబెల్ శాలువా కొస నములుతోంది. ముసలి సరంగు గట్టెక్కి టోపీ తీశాడు.

"జార్జ్ ఫ్లెట్‌ని సముద్రం తీసుకుపోయింది."

"ఏ జార్జ్, పెద్దయ్యా? మా వెన్నముద్ద కాదు కదా?" వెన్నముద్ద పెళ్ళాం బెథియా ముందుకొచ్చింది.

ఆయన తల దించుకుని, "జార్జ్ ఫ్లెట్," అని మాత్రం అన్నాడు.

మారుపేరు పలకకూడని గడప ఊరంతటికీ ఒక్కటే. ఆడవాళ్ళు ఒక్కరొక్కరే ఇసొబెల్ వైపు తిరిగారు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ మాట ఆమె నోట వచ్చింది.

"మా నత్తేనా, పెద్దయ్యా?"