హెడ్మాస్టారి ఫ్లాస్కు

ఆ రోజు హిందీ టీచరు గారు ఆట తప్పు ఆడలేదు. రూలు ప్రకారమే ఆడారు. ఆ రూలు చెప్పింది నేనే. ఈ మాట స్టాఫ్ రూములో ఇంతవరకూ అనలేదు.

మలికిపురం దగ్గర మాది ప్రైవేటు స్కూలు. క్రిస్మస్‌కి చీటీలు తీసి కానుకలు ఇచ్చుకునేవాళ్లం. ఎవరు విప్పినా గోడ గడియారమే. చూసి చూసి విసుగెత్తి, ఆ ఏడు ఫోన్‌లో చూసిన కొత్త ఆట నేను పట్టుకొచ్చాను. కానుకలన్నీ బల్ల మీద పెట్టి, వంతుల కోసం నంబర్లు తీయాలి. వంతు వచ్చినవాళ్లు కొత్త పొట్లం విప్పుకోవచ్చు, లేదా ఎవరి చేతిలోదైనా లాక్కోవచ్చు. పోగొట్టుకున్నవాళ్లకీ అదే హక్కు.

లాక్కునే ఆట మావాళ్లకి ఇచ్చాను, అదీ నా తెలివి. ఖాళీ కుర్చీ చుట్టూ నిలబడి "మీరు కూర్చోండి", "అబ్బే, మీరు కూర్చోండి" అంటూ పీరియడ్ గడిపేసే జనం మేము. హెడ్మాస్టారు విప్పిన స్టీలు ఫ్లాస్కు మీద అందరి కళ్లూ పడ్డాయి. ఒక్క చెయ్యీ లేవలేదు. పైగా, ఆయనే తయారుచేసినట్టు మెచ్చుకున్నారు.

మా మర్యాద పైవాళ్ల వైపుకే పారుతుంది. హిందీ టీచరు ఏం విప్పినా, మాలో ఎవరో ఒకరు నవ్వుతూ లాగేసుకున్నారు. ఆవిడ కొత్త, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. భర్త మస్కట్‌లో పని పోయి తిరిగొచ్చాడు, ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. ఇదంతా మాకు తెలుసు.

చివర్లో ఆవిడ చేతిలోది మళ్లీ పోయింది. నా వైపు తిరిగి, ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చా అని మెల్లగా అడిగారు.

"ఆయ్, ఆటే కదండీ," అన్నాను.

ఆవిడ వెళ్లి ఫ్లాస్కు తీసుకున్నారు. కేకు నములుతున్న దవడలన్నీ ఆగిపోయాయి.

"ఏమండీ లెక్కల మాస్టారూ, ఇలా కూడా ఉందా మీ ఆటలో?" అన్నారు హెడ్మాస్టారు, నవ్వకుండా.

"లేదండీ. మేడం గారు సరిగా విన్నట్టు లేరు."

ఆవిడ నన్నొకసారి చూసి, ఫ్లాస్కు ఆయన ముందు పెట్టి కూర్చున్నారు. జూన్‌లో బడి తెరిచేసరికి హిందీకి వేరే మనిషి వచ్చాడు. మేం మళ్లీ గోడ గడియారాల్లో పడ్డాం. ఏటా కేకు కోశాక "పెద్దాయన ఫ్లాస్కు లాక్కున్నావిడ" కథ చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. నా నవ్వే అందరికన్నా గట్టిగా వినిపించేది.

మొన్నటి క్రిస్మస్‌కి ఆ కథని కొత్తగా చేరిన టీచరమ్మకి హెచ్చరికలా చెప్పారు. ఆ పిల్ల భయపడి, తన చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టేసింది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

మర్నాడు రాజోలులో ఆ హిందీ టీచరు గారింటికి వెళ్లాను. ఆవిడ వరండాలో ట్యూషన్ చెబుతున్నారు. కుర్చీ వేయించారు. నేను సిగ్గులేకుండా కొబ్బరికాయల ధర గురించి మాట్లాడాను. ఆవిడ కాసేపు విని, "ఏం పని మీద వచ్చేరు మాస్టారూ?" అన్నారు.

లేచి నిలబడ్డాను.

"ఆ రోజు రూలు మీరు సరిగానే విన్నారండీ. హెడ్మాస్టారికి భయపడి అబద్ధం చెప్పేను. మీ ఉద్యోగం పోయింది నా మూలంగానే. నన్ను క్షమించండి మేడం."