వేళ్ళు తూచిన మామయ్య

మా మామయ్య పోయాడన్న కబురు నాకు ఇంట్లోవాళ్ళకంటే ముందు మద్రాసు శివార్లలో షోళింగనల్లూరులోని క్లైంబింగ్ జిమ్ వాట్సాప్ గ్రూపు చెప్పింది. పొద్దున్నే ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఫోను తెరిస్తే, 'మన ప్రియతమ కోచ్ అంకుల్ ఇక లేరు' అని ఆయన ఫోటో, కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ఏడాది కిందట అదే గ్రూపులోంచి ఆయన పేరు తీసేశారు. తీసేసినవాళ్ళే పెట్టిన ఫోటో అది. కాసేపటికి రాయపురం నుంచి అత్తయ్య ఫోను చేసింది. తెల్లవారగానే గుండెల్లో నొప్పి అన్నాడట, ఆటో వచ్చేలోగా అంతా అయిపోయిందట. ఏడవాలో తిట్టాలో తెలియలేదు నాకు. రెండూ చేశాను. క్యాబ్‌లో పక్కనున్నవాళ్ళు బిత్తరపోయి చూశారు.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. తాతల నాటి నుంచీ మద్రాసులో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం వాళ్ళది. కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి రాళ్ళెక్కడానికి పోయి, ఆ పిచ్చిలోంచి మళ్ళీ బయటికి రాలేదు. ఇంట్లో అందరూ 'కోతి' అని ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవాడు. గోడౌన్‌లో ఒక గోడకు చెక్కపట్లు కొట్టించి మాకూ, వీధిలో పిల్లలకూ ఎక్కడం నేర్పాడు. ఎప్పుడు చూసినా ఆయన చేతులకు కందిపప్పు దుమ్మూ, పట్టు జారకుండా రాసుకునే సుద్దపొడీ కలిసి అంటుకుని ఉండేవి. అత్తయ్య ఆ చేతులు తిప్పి చూసి, కడిగాడని నమ్మాకే కంచం పెట్టేది.

రాతి మీద మనిషిని నిలబెట్టేవి వేళ్ళ కొసలు. ఆ కొసల్లో బలం ఎంతుందో చూడటానికి మామయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది. మూటలు తూచే కాటా, గుండ్రటి ముఖంతో, గోడౌన్ దూలానికి వేలాడుతుండేది. దాని కొక్కేనికి ఒక సన్నటి చెక్క కట్టేవాడు. మనం కింద నిలబడి, నాలుగు వేళ్ళ కొసలు ఆ చెక్కకు తగిలించి, మెల్లగా కిందికి లాగాలి. ఎంత బలం పెడితే ముల్లు అంత తిరుగుతుంది. కాటా ముఖాన్ని మాత్రం ఆయన ఎప్పుడూ గోడవైపే తిప్పి ఉంచేవాడు. గోడకూ కాటాకూ మధ్య సందులో ఇరుక్కుని, తానొక్కడే ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను మన మొహం మీద వేసి చూసేవాడు.

"ఎంత వచ్చింది మామయ్యా? ఒక్కసారి చెప్పవా!" అని ప్రాణం తీసేదాన్ని.

"నంబరు తెలిస్తే మీరు నొప్పి చెప్పరుమా," అనేవాడు. "పోయిన వారంకన్నా కిలో ఎక్కువ రావాలని పండ్లు బిగిస్తారు. నాకు కావాల్సింది నొప్పిదా, కిలోలు గాదు. నంబరు నాకాడనే ఉండనీ."

తర్వాత మన చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలి కణుపూ పక్కల నుంచి నొక్కేవాడు. "ఈడ నొస్తా ఉందా? ఈడ?" నోటితో లేదన్నా నమ్మేవాడు కాదు. రెప్ప అదిరిందా లేదా అని చూసేవాడు.

నేను స్కూల్లో ఉండగా రాష్ట్ర జట్టు సెలెక్షన్లు వచ్చాయి. ఇంకో నెల ఉందనగా ఆయన నా నడివేలు నొక్కాడు, నా రెప్ప అదిరింది. అంతే! గోడ ఎక్కొద్దన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను, అమ్మ చేత చెప్పించాను. కదల్లేదు మనిషి.

"ఎదిగే వయసులో ఎముక కొస ఇంకా పచ్చిగా ఉంటాదిమా," అన్నాడు. "కండ గట్టిపడింది గదా అని దాని మీద బరువు వేస్తే, కొస విరిగి వేలు వంకర్లు పోతాది. సెలెక్షన్ వచ్చే ఏడూ ఉంటాది. ఈ వేలు పోతే ఇంకోటి యాడ నుంచి తెస్తా నేను?"

ఆ ఏడు జట్టులో నా పేరు లేదు. నాకిప్పుడు ముప్పై దాటాయి, ఇప్పటికీ రాళ్ళెక్కుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న వేళ్ళన్నీ చక్కగా ముడుచుకుంటున్నాయంటే అది ఆయన చలవే. ఈ మాట ఆయనతో అన్నాను కూడా. "సరేలే, సుమ్మా ఊరికే పొగడొద్దు, కాఫీ తాగు," అన్నాడు.

నేనిప్పుడు ఎక్కే జిమ్‌ను షోళింగనల్లూరులో పెట్టినప్పుడు, పిల్లలకు నేర్పడానికి ఓనరే ఇంటికొచ్చి ఆయన్ని బతిమాలి తీసుకుపోయాడు. శని, ఆదివారాలు రాయపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు మామయ్య. మొదట్లో అందరికీ ముద్దే. తర్వాత కొత్త మెషీను వచ్చింది. వేళ్ళతో లాగితే ఎంత బలమో పెద్ద స్క్రీను మీద పడుతుంది. పిల్లల పేర్లు, పక్కన నంబర్లు, ఎవరు పైన, ఎవరు కింద. సాయంత్రానికల్లా అది తల్లిదండ్రుల గ్రూపులో ఉంటుంది. ఇంకేం, ఇళ్ళల్లో మొదలు! పక్కింటి పిల్లాడికి ఎంత, మనవాడికి ఇంతేనా అని. నడుముకు బరువు కట్టి వేలాడదీస్తే నంబరు తొందరగా పెరుగుతుందని ఎవరో వీడియోలో చూశారు. మా పిల్లకూ కట్టండి, మావాడికీ కట్టండి అని ఆయన మీద పడ్డారు.

"అది పెద్దోళ్ళ పనిమా. పిల్లకాయలకు నేను కట్టను," అన్నాడు మామయ్య, అడిగిన ప్రతి ఒక్కరితోనూ.

పొమ్మని ఎవరూ అనలేదు, అంత ధైర్యం ఎవరికుంది? "ఎండల్లో ఇంత దూరం ఎందుకంకుల్, రెస్ట్ తీసుకోండి," అన్నాడు ఓనరు. ఆ సాయంత్రమే గ్రూపులోంచి పేరు పోయింది. మామయ్య నాకు ఫోను చేసి, "ఏమో నా ఫోను చెడిపోయినట్టుంది, మెసేజులు రాలేదు చూడుమా," అన్నాడు. వాళ్ళు పేరు తీసేశారని నేనే చెప్పాను. ఆయనకు మాత్రం తన పరువు గొడవే లేదు. నిజం తెలిశాక కూడా అడిగింది ఒక్కటే. "ఆ పిల్లకాయలకు బరువు కట్టకుండా చూడు. నువ్వు ఆడనే ఉండావు గదా." అప్పటి నుంచి కనిపించినప్పుడల్లా ఆ మాటే. నేను ఓనరుకు చెప్పేదాన్ని, అతను తలూపేవాడు.

నెలమాసికం అయిన తర్వాతి ఆదివారం, మామయ్య స్మారకంగా పోటీ అన్నారు. ఏం పోటీ? పిల్లలకు వేళ్ళ బలం పోటీ! ఆయన పేరు మీద! విని తోక తొక్కిన పాములా లేచాను.

"అయ్యో అక్కా, చిన్నపిల్లలకు బరువు కట్టం. ప్రామిస్," అన్నాడు ఓనరు. "బహుమతులు మీ ఇంటివాళ్ళ చేతుల మీదుగా ఇప్పిస్తాం. ఆంటీని తీసుకురండి."

అత్తయ్యను తీసుకుని వెళ్ళాను. గుమ్మంలోనే మామయ్య నిలువెత్తు ఫ్లెక్సీ. లోపల పన్నెండేళ్ళు కూడా నిండని పిల్లలు నడుములకు ఇనుప బిళ్ళలు కట్టించుకుని వరసలో నిలబడి ఉన్నారు. పక్కన అమ్మలు, నాన్నలు ఫోన్లెత్తి వీడియోలు. నేను ఓనరును నిలదీశాను. గొంతు పెంచాను, పెంచకుండా ఎలా ఉంటాను?

"పేరెంట్సే అడిగారక్కా, నేనేం చెయ్యను?" అన్నాడు.

"ఒక్క రోజే కదండీ, మరీ ఇంత సీనా," అన్నాడు ఒక తండ్రి, నా వైపు చూడకుండానే.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వద్దుమా. ఆయన ఫోటో ముందర గలాటా వద్దు." సిగ్గులేని చప్పట్ల మధ్య పోటీ జరిగింది. ఒక్కొక్కరి పేరూ స్క్రీను మీద పైకీ కిందికీ పోతుంటే ఈలలు వేశారు.

ఒక సన్నపాటి పిల్లకు మొదటి బహుమతి వచ్చింది. మామయ్య బొమ్మ అతికించిన కప్పును అత్తయ్య రెండు చేతులా పట్టుకుని ముందుకు చాచింది. ఆ పిల్ల ఎడమ చెయ్యి చాపింది.

"అదేంటే, ఎడమ చేత్తో తీసుకుంటారా ఎవరైనా? కుడి చెయ్యి పెట్టు!" వెనక నుంచి వాళ్ళమ్మ గట్టిగా కసిరింది.

పిల్ల ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుని, కుడి చెయ్యి మెల్లగా పైకెత్తింది. కప్పు పిడి చుట్టూ వేళ్ళు ఒకటొకటిగా ముడుచుకున్నాయి. నడివేలు ముడవలేదు. కణుపు దగ్గర ఉబ్బి, ఎర్రగా, నిటారుగా అలాగే నిలబడి ఉంది. అత్తయ్య కప్పు వదల్లేదు. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. ఆ పిల్ల నవ్వింది.